‘నా వేళ్లను ఏం చేశారు మేడమ్?’: పవర్ ప్రెస్ కింద నలిగిన ఒక చెయ్యి, ఎనిమిది నెలల చికిత్స

చేతి గాయాల వార్డులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం సర్జన్లు పంపినవి కావు, చేతికి వ్యాయామాలు చేయించే థెరపిస్టులు పంపినవే. సర్జన్‌కు ఓపీలో దొరికేది ఐదు నిమిషాలు, వేలు వంగుతోందా, చీము పట్టిందా, నొప్పి ఎంతుంది అని చూసేసరికే అయిపోతుంది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున పేషెంటు చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషికే ముందు తెలుస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్లు తమ చెయ్యి వైపు చూడటం లేదని. ఈ కేసూ అలాగే వచ్చింది. “మూడు వారాలు దాటింది మేడమ్, ఒక్కసారి కూడా చెయ్యి చూసుకోలేదు. కట్టు విప్పగానే గోడ వైపు తిరుగుతుంది. ఇంట్లో చేస్తున్నానంటుంది కానీ చెయ్యడం లేదు, ఉన్న వేలు కూడా బిగుసుకుపోతోంది” అంది మా థెరపిస్టు.

పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు, ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 32 ఏళ్లు. పాలమూరు వైపు నుంచి బతుకుదెరువు కోసం హైదరాబాద్ వచ్చిన కుటుంబం. భర్త ఆటో నడుపుతాడు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో మూడేళ్లుగా పవర్ ప్రెస్ మీద పని. రేకు ముక్కను అచ్చులో పెట్టాలి, పెడల్ తొక్కాలి, ప్రెస్ దిగి కొట్టి పైకి లేవగానే ముక్కను తీసేసి ఇంకోటి పెట్టాలి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప దిగని ప్రెస్‌లు ఉంటాయి, వాటిలో అచ్చు కింద చెయ్యి ఉండే వీలే లేదు. ఇక్కడున్నది పెడల్. చెయ్యి అచ్చు కిందికి పోకుండా దానికుండే గార్డును కూడా పని నెమ్మదిస్తోందని ఎప్పుడో విప్పి మూల పెట్టేశారు. డబుల్ డ్యూటీ, రాత్రి షిఫ్టు ఆఖర్లో ఇరుక్కున్న ముక్కను వేళ్లతో లాగబోయింది, కాలు పెడల్ మీదే ఉంది. కుడి చెయ్యి.

చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. ఉంగరం వేలు ఎముక విరిగి, వేలిని వంచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) తెగితే, ఎముకకు తీగ వేసి, టెండన్ కుట్టారు. బొటనవేలు, చిటికెన వేలు బాగున్నాయి. తోటి పనివాళ్లు తెగిపడిన వేళ్లను నేరుగా ఐసు గడ్డల్లో వేసి క్యారీబ్యాగులో తెచ్చారు. (ఇది చదివేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టాలి. ఐసు నేరుగా తగిలితే కణజాలం పాడవుతుంది.) ఈమె విషయంలో ఎలా తెచ్చినా లాభం ఉండేది కాదు. కత్తితో తెగినట్టు తెగితే అతికించే అవకాశం ఉంటుంది కానీ ప్రెస్ కింద రక్తనాళాలు నలిగి పిప్పి అయిపోతాయి.

నేను మొదటిసారి చూసింది ప్రమాదం జరిగిన 24వ రోజున. కదలకుండా స్ప్లింట్ వేసిన చెయ్యి మొత్తం కొంగు కింద ఉంది. “బాగానే ఉన్న మేడమ్” అంది. ఆ మాట వార్డులో అందరికీ చెప్పింది, డిశ్చార్జి కాగితంలో కూడా అదే ఎక్కింది.

ప్రమాదం ఎలా జరిగిందని మొదటి రోజు నేను అడగను. జరిగిందంతా చెప్పించి గుండె బరువు దించేయాలనే ఆలోచన మంచిదే అనిపిస్తుంది కానీ, గాయమైన కొత్తలో ఒక్క సిట్టింగ్‌లో మొత్తం కక్కించడం వల్ల మేలు జరగదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “అన్నం ఎట్లా తింటున్నారమ్మా?”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది. అందరూ తినేశాక వంటింట్లో తలుపు దగ్గరికేసుకుని ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని తింటోందట. “స్పూన్‌తోని తింటే కడుపు నిండినట్టే ఉంటలేదు. ఎడమ చెయ్యి పెట్టి తింటుంటే నాకే అసహ్యమైతుంది. మా పెద్దమ్మ కొడుకు పెండ్లి ఉండె, బంతిలో కూసుంటే అందరు నా చెయ్యే చూస్తరని పోలేదు.” బాబుకు అన్నం కలిపి పెట్టడం మానేసి 24 రోజులు. మనకు కుడి చెయ్యి అంటే ఎన్ని పనులో ఒక్కసారి ఆలోచించండి: అన్నం కలపడం, ముద్ద పెట్టడం, బొట్టు పెట్టుకోవడం, దండం పెట్టడం, చిల్లర ఇవ్వడం. చేతి పనితనాన్ని కొలిచే డ్యాష్ అనే ప్రశ్నాపత్రంలో 30 ప్రశ్నలున్నాయి, కొత్త సీసా మూత తిప్పడం దగ్గర్నుంచి తల ఆరబెట్టుకోవడం దాకా అడుగుతారు. చేత్తో అన్నం కలుపుకోవడం అందులో లేదు. అందుకే నేను వేరే అడుగుతాను.

నిద్ర రెండు మూడు గంటలే. కుక్కర్ విజిల్ వేస్తే, ఎదురు షాపు షట్టర్ దించితే ఒళ్లంతా బిగుసుకుపోవడం, చెమటలు. ప్రమాదం మనసు మీద వేసిన దెబ్బను కొలిచే ఐఈఎస్-ఆర్ స్కోరు 88కి 54, డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 స్కోరు 27కి 16. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను, ఈ ప్రశ్నను చుట్టూ తిప్పి అడగకూడదు. “అప్పుడప్పుడు అనిపిస్తది, పిల్లలున్నరు గద” అంది. ఎలా అన్న ఆలోచన గానీ, ఏర్పాటు గానీ లేదు. ఆమె ఒప్పుకుంటే భర్తను లోపలికి పిలిచి మాట్లాడాను, మానసిక సాయం కోసం ఉన్న టెలీ మానస్ 14416 నంబరు ఇద్దరి ఫోన్లలో వేయించాను, అదే వారం సైకియాట్రిస్టుకు చూపించాం, దిగులు, భయం తగ్గించే సెర్ట్రలిన్ మాత్ర మొదలైంది. బస్తీలో ఎవరో ఇచ్చిన నిద్ర మాత్రలు అప్పటికే వాడుతోంది, వాటిని మెల్లగా మాన్పించారు. నెల లోపు కాబట్టి రాసుకున్నది అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అని, నెల దాటాక తగ్గకపోవడంతో అది పీటీఎస్‌డీగా (ప్రమాదం తాలూకు భయం వదలకుండా వెంటాడే జబ్బు) మారింది.

చెయ్యి చూసుకోవడం

భయాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచి చెప్పమనడం మా పద్ధతి. ఆమెకు అది పట్టలేదు, ఎప్పుడడిగినా ఎనిమిది అనేది. మూడో సిట్టింగ్‌లో తనే అంది, “రూపాయంత భయం ఉండె మేడమ్, ఇప్పుడు బారాణాకు వచ్చింది” అని. అంతే, ఆ రోజు నుంచి మా స్కేలు చారాణా (పావలా), ఆఠాణా (అర్ధరూపాయి), బారాణా (ముప్పావలా), రూపాయి. నాలుగే మెట్లు, కానీ ఆమె నోటి నుంచి వచ్చినవి కాబట్టి నిజం చెప్పేవి.

ముందు ఎడమ చెయ్యిని చూసింది. తర్వాత కుడి మోచెయ్యి, మణికట్టు, వేళ్ల మీద తువ్వాలు కప్పి ఉండగా అరచెయ్యి. ప్రతి మెట్టు దగ్గరా ఆఠాణాకు దిగేదాకా ఆగాం. “ధైర్యంగా ఉండు, ఏం కాదు చూడు” అని నేను గానీ, థెరపిస్టు గానీ అనకూడదని ముందే మాట్లాడుకున్నాం. ఆ మాట విన్న పేషెంటు భయం దాచుకోవడం మాత్రమే నేర్చుకుంటుంది. నాలుగో సిట్టింగ్‌లో తువ్వాలు తనే తీసింది. రూపాయి, అంది. కళ్లు మూసుకోలేదు. కనిపిస్తున్నది కనిపిస్తున్నట్టు చెప్పమన్నాను, బాగుందా లేదా అని కాదు, రంగు, ఆకారం. “ఎర్రగున్నది. ఈడ కుట్లున్నయి. తోలు పలుచగ మెరుస్తున్నది. బొటనేలు దూరమైనట్టున్నది.” పన్నెండు నిమిషాలు పట్టింది బారాణాకు రావడానికి.

అప్పుడు అడిగింది. “నా వేళ్లను ఏం చేశారు మేడమ్?”

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. అంటే వాళ్ల మనసులో లేదని కాదు, అడగొచ్చని తెలియక. నాకు సమాధానం తెలుసు, ఆసుపత్రి నుంచి వెళ్లే శరీర భాగాలను పసుపు రంగు సంచిలో వేసి, కొలిమిలో కాల్చడానికి పంపుతారు, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు అలాగే చెబుతాయి. ‘వ్యర్థం’ అనే మాట మాత్రం వాడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు ఊరుకుంది. “కాలవెట్టిండ్రా. సరే. కుక్కలకు పారేసిండ్రేమో అని రోజు రాత్రి అదే ఆలోచన.” నెల రోజులు ఆమె నిద్ర లేకుండా చేసిన ఆలోచనల్లో ఒకటి ఒక్క వాక్యంతో తీరిపోయింది. మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే! ఆ వారం ఇంటికెళ్లి దీపం పెట్టుకుంటానంది, పెట్టుకోమన్నాను.

లేని వేలు దురద పెడుతోందన్న సంగతి కూడా ఆ రోజే బయటపడింది. పిచ్చి పడుతోందని అనుకుందట, అత్తగారు తాయెత్తు కట్టించింది. తాయెత్తు జోలికి నేను పోలేదు. చెయ్యి పోయినా మెదడులో చేతి పటం అలాగే ఉంటుందని, మెదడులో చేతికి, వేళ్లకు కేటాయించిన జాగా వీపు మొత్తానికున్న జాగా కంటే చాలా పెద్దదని బొమ్మ గీసి చూపించాను. 1990లలో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ వాడిన అద్దం పద్ధతిని కూడా మొదలుపెట్టాం, పెట్టెలు అవీ ఏం లేవు, బజారులో కొన్న అద్దాన్ని నిలబెట్టి ఎడమ చెయ్యి ప్రతిబింబాన్ని కుడి చెయ్యి స్థానంలో చూస్తూ వేళ్లు మెల్లగా ముడవడం, తెరవడం. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. ఆమెకు దురద తగ్గింది, తెగిన వేలి మొద్దు దగ్గరి జివ్వుమనే నొప్పికి మాత్రం సర్జన్ ఇచ్చిన నరాల మందే పనిచేసింది. ఉన్న చర్మం మొరటుదేలడానికి థెరపిస్టు దూదితో మొదలుపెట్టి, డబ్బాలో బియ్యం, తర్వాత కందులు పోసి చెయ్యి ముంచి కలపమంది.

నేను పొరపాటు పడ్డ చోటు

కుక్కర్ విజిల్, షట్టర్ చప్పుడు, రాత్రి ఉలిక్కిపడి లేవడం. వీటిని చూసి ప్రమాదం జరిగిన క్షణమే మళ్లీ మళ్లీ కనబడుతోందని నేను నిర్ధారించేసుకున్నాను. నెలన్నర గడిచాక ఆమె సరేనన్నాక, ఆ రాత్రి జరిగినదంతా కళ్లు మూసుకుని వర్తమానంలో చెప్పించడం, దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో వినమనడం మొదలుపెట్టాను. నాలుగు సిట్టింగులు. చెప్పేటప్పుడు భయం రూపాయి నుంచి ఆఠాణాకు బుద్ధిగా దిగేది. కానీ నిద్ర మారలేదు, ఐఈఎస్-ఆర్ 51 దగ్గరే కూర్చుంది.

అడగాల్సింది అప్పుడు అడిగాను. రాత్రి కళ్లు మూసుకుంటే కనబడే బొమ్మలో సరిగ్గా ఏముంది? ప్రెస్ కనబడుతుంది. ఇంకా? చెయ్యి. “ఆ చెయ్యి ఎవరిదమ్మా?”

“మా బిడ్డది.”

1980ల చివర్లో అమెరికాలో సైకాలజిస్టు బ్రాడ్ గ్రూనర్ట్, ఆయన సహచరులు చేతి గాయాలైన వాళ్లకు వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లు (పిలవకుండా కళ్ల ముందుకొచ్చే దృశ్యాలు) ఒక్క రకం కాదని రాశారు. కొందరికి జరిగింది జరిగినట్టే తిరిగి నడుస్తుంది. కొందరికి గాయమయ్యాక చెయ్యి ఎలా ఉందో ఆ ఒక్క దృశ్యమే ఆగిపోయి కనబడుతుంది. ఇంకొందరికి జరిగినదానికంటే ఘోరమైనది, అసలు జరగనిది కనబడుతుంది. మొదటి రకం వాళ్లతో పోలిస్తే మిగతా వాళ్లు పనికి తిరిగి వెళ్లడం కష్టమని కూడా గమనించారు. ఇదంతా నేను చదివినదే, జూనియర్లకు పాఠం చెప్పినదే. అయినా ఆమె ముందు అడగలేదు. ఆమె నెల రోజులు ప్రమాదాన్ని పదేపదే వింటూ గడిపింది, బిడ్డ చెయ్యి సంగతి నాకు చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు, నేను ప్రమాదం గురించి అడుగుతున్నాను కాబట్టి.

ప్రమాదానికి రెండు నెలల ముందు ఒక ఆదివారం ఇంట్లో చూసుకునేవాళ్లు లేక పాపను యూనిట్‌కు తీసుకెళ్లింది. పాప ఆడుకుంటూ వచ్చి పెడల్ మీద కాలు పెట్టింది, మిషన్ ఆఫ్‌లో ఉంది, ఏమీ కాలేదు. ఆమె పాపను కొట్టింది. ఇప్పుడు తన వేళ్లు పోవడం ఆ రోజు తప్పిపోయిన దానికి బదులు అని ఆమె నమ్మకం. బిడ్డకు రావాల్సింది నాకొచ్చింది, ఇంకా బాకీ ఉందేమో, అది మళ్లీ బిడ్డ మీదికే పోతుందేమో. ఇది జ్ఞాపకం కాదు కాబట్టి ఎన్నిసార్లు చెప్పించినా వాడిపోదు. ఆ బొమ్మను పట్టుకుని దాని కథ మార్చాలి. కళ్లు మూసుకుని ఆ దృశ్యంలోకి ఆమెనే వెళ్లమన్నాను, ఏం చేయాలనుందో అది చేయమన్నాను. మెయిన్ స్విచ్ దించింది. పాప చెయ్యి పట్టుకుని బయటికి తీసింది. నల్లా దగ్గర గ్రీసు కడిగింది, ఒక్కో వేలూ విడదీసి. కడిగింది ఏ చేత్తో అని అడిగాను. కొంచెం ఆగి, “ఇప్పుడున్న చేత్తోనే” అంది. ఆరు సిట్టింగులు దీని మీదే పనిచేశాం. నాలుగో రాత్రికి ఆమె ఏకబిగిన ఐదు గంటలు నిద్రపోయింది.

పాపతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. అమ్మ చేతికి ఏమైందో ఆ పిల్లకు ఎవరూ సరిగా చెప్పలేదు, తను పెడల్ తొక్కినందుకే అమ్మ వేళ్లు పోయాయని తన లెక్క తను వేసుకుంది. తల్లీ కూతుళ్లు ఒకే ఆదివారాన్ని చెరో వైపు మోస్తున్నారు. తల్లి చేతే చెప్పించాం, జరిగిన రోజు వేరు, నువ్వు తొక్కిన రోజు వేరు అని. కుట్ల మచ్చ మీద కొబ్బరి నూనె రాసి మర్దన చేసే పని పాపకు అప్పగించాం. మొదట ఒక వేలితో అంటీ ముట్టనట్టు రాసింది. వారానికి బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దుతూ “ఇక్కడ నొప్పా, ఇక్కడా?” అని థెరపిస్టులా అడుగుతోంది.

అన్నం దగ్గరికి మూడో నెలలో వచ్చాం, టెండన్ కుట్టిన వేలి మీద బలం పెట్టొచ్చని సర్జన్ చెప్పాక. థెరపీ గదిలోనే కంచం పెట్టాం. పెరుగన్నం జారిపోయింది. పులుసన్నం ఇంకా కష్టం. ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపితే బొటనవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు కలిసి ముద్దను పట్టాయి, కానీ మధ్యలోని సందు లోంచి మెతుకులు రాలుతున్నాయి. నేను చూస్తుండగానే మణికట్టును కొంచెం బయటికి తిప్పి ముద్దను అరచేతి అంచుకు జరిపింది, రాలడం ఆగింది. ఈ కిటుకు మాలో ఎవరూ చెప్పింది కాదు. మొదటి ముద్ద తను తినలేదు, బాబుకు పెట్టింది. వాడు చేతి వంక చూడనేలేదు, ఇంకో ముద్ద అని నోరు తెరిచాడు.

కార్మికుల బీమా అయిన ఈఎస్‌ఐ కార్డు ఉండటం వల్ల ఇంట్లో పొయ్యి వెలిగింది, తాత్కాలిక వైకల్యం కింద సగటు రోజు కూలిలో 90 శాతం వచ్చేది. తర్వాత మెడికల్ బోర్డు. చట్టం షెడ్యూల్‌లో ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టం అని ఉంటుంది. ఆ అంకె విన్న వారం ఆమె ఐఈఎస్-ఆర్ స్కోరు 57కు ఎగబాకింది, మొదటి రోజు కంటే ఎక్కువ. “నా రెండు వేళ్లు ఇరవై పైసలట మేడమ్.” బోర్డు ముందు చెయ్యి చాపడం, కాగితాలు తక్కువున్నాయని మళ్లీ రమ్మనడం, సూపర్‌వైజర్ రాసిచ్చిన రిపోర్టులో ‘కార్మికురాలి అజాగ్రత్త’ అని ఉండటం. మేం మా సోషల్ వర్కర్‌ను తోడు పంపాం. ఇది సైకాలజిస్టు పని కాదనేవాళ్లతో నేను ఏకీభవించను, ఆ కాగితం చేతిలో ఉండగా గదిలో కూర్చోబెట్టి ఊపిరి వ్యాయామాలు చేయిస్తే ఏం లాభం?

అజాగ్రత్త అన్న మాట మీద మాత్రం ఒక సిట్టింగ్ మొత్తం కూర్చున్నాం. తప్పు మొత్తం ఒక రూపాయి అనుకుంటే ఎవరికెంత అని అడిగాను. రూపాయంతా నాదే అంది. గార్డు విప్పిన వాళ్లకు ఎంత? ఆలోచించి ఆఠాణా ఇచ్చింది. వరసగా రెండో షిఫ్టు వేసినందుకు? చారాణా. చేతిలో చారాణా మిగిలింది. అది కూడా లెక్క తేల్చేద్దామని నేను నోరు తెరిచేలోపే, “అది నాదే మేడమ్, ఉండనీయండి” అంది. ఉండనిచ్చాను. బలవంతంగా సున్నా చేసి ఉంటే ఆమె నా మాట నమ్మేది కాదు.

పని దగ్గరికి మెట్లు మెట్లుగా వెళ్లాం: ప్రెస్ చప్పుడు ఫోన్‌లో వినడం, ఆ రోడ్డు మీద భర్త ఆటోలో పోవడం, గేటు దగ్గర దిగి నిలబడటం. లోపలికి ఒక్కసారి వెళ్లింది, నేనూ వెంట ఉన్నాను. తను పనిచేసిన ప్రెస్ దగ్గర వేరే అమ్మాయి కూర్చుని ఉంది. గార్డు ఇంకా మూలనే ఉంది. ఆమె ఆ అమ్మాయితో ఏదో చెప్పి బయటికి వచ్చేసింది, ఇక అక్కడికి పోనంది. ఆ నిర్ణయాన్ని తప్పించుకోవడం అని నేను రాసుకోలేదు. ప్రమాదం ఇంకా అక్కడే ఉన్నప్పుడు వెళ్లకపోవడం తెలివి. ఇప్పుడు వేరే చోట ప్యాకింగ్‌లో చేస్తోంది.

ఎనిమిదో నెలలో ఐఈఎస్-ఆర్ స్కోరు 22, పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. మాత్ర కొనసాగుతోంది. చలి రోజుల్లో మొద్దులు నీలంగా మారి లాగుతాయి, అది ఇంకా కొన్నేళ్లు ఉండొచ్చని చెప్పాం. రేషన్ షాపులో వేలిముద్రకు ఎడమ చెయ్యి పెడుతుంది, క్యూలో ఉన్నవాళ్లు అడిగితే చెబుతుంది, కొన్నిసార్లు చెప్పదు. పెళ్లిలో బంతి భోజనానికి ఒకసారి కూర్చుంది, రెండోసారి లేచి వచ్చేసింది. బిడ్డ చెయ్యి కనబడే కల నెలకొకసారి వస్తుంది, స్విచ్ దించేసి పడుకుంటానంటుంది.

పోయిన నెల ఫాలో అప్‌కు వచ్చిన రోజు వార్డులో చెరకు రసం మిషన్‌లో చెయ్యి పడిన 19 ఏళ్ల అబ్బాయి ఉన్నాడు, రెండో రోజు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను ఇద్దరినీ అడిగి, ఒప్పుకున్నాకే ఆమెను లోపలికి తీసుకెళ్లాను. కొంగు కింద నుంచి చెయ్యి తీసి మంచం అంచు మీద పెట్టింది. వాడు చాలాసేపు ఆ చెయ్యినే చూశాడు.

“తమ్మీ, నీ వేళ్లను ఏం చేసిండ్రో అడిగినవా?” అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు.

“అడుగు. మేడమ్ చెప్తది.”